సింహాసనం దిగిన సన్యాసి: పునీత ఐదవ సెలెస్టిన్

వృద్ధాప్యంలో ఉన్న జగద్గురువులు పదవిలో కొనసాగాలా, విరమించుకోవాలా? ఒకప్పుడు ఈ ప్రశ్న వేదశాస్త్ర పండితుల మధ్యనే తిరిగేది. ఇప్పుడు చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల విచారణలలో కూడ దివ్యబలిపూజ ముగిశాక గుడి ముందర నిలబడి అడిగేవారున్నారు. అడగడానికి కారణం ఉన్నది. పునీత రెండవ జాన్ పాల్ గారు వణికే చేతులతో, పెగలని గొంతుతో, 2005 ఏప్రిల్ 2న 84 ఏళ్ళ వయసులో మరణించేవరకు పదవిలోనే ఉన్నారు. ఆయన తర్వాత వచ్చిన పదహారవ బెనెడిక్ట్ గారు 2013 ఫిబ్రవరి 28న 85 ఏళ్ళ వయసులో పదవి విడిచారు. ఫ్రాన్సిస్ గారు చక్రాల కుర్చీలో కూర్చునే పని చేశారు. 38 రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. 2025 ఏప్రిల్ 20న పునరుత్థాన పండుగనాడు ప్రజలను ఆశీర్వదించి, మరునాడు 88 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ముగ్గురూ ప్రార్థనాపరులే. ఇద్దరిది ఒక దారి, ఒకరిది మరొక దారి.

ఒక దారిని మెచ్చుకోవడానికి రెండవ దారిని కించపరచడం సులువు. అలా చేయకముందు, ఏడు శతాబ్దాల క్రితం ఈ ప్రశ్నను తన ప్రాణంతో ఎదుర్కొన్న ఒక వృద్ధుని కథ తెలుసుకోవాలి. ఆయన పేరు పియెత్రో. మన మాటలో పేతురు. శ్రీసభ చరిత్రలో ఆయన ఐదవ సెలెస్టిన్ జగద్గురువు.

పియెత్రో 1210 ప్రాంతంలో దక్షిణ ఇటలీలోని మొలీసె సీమలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టాడు. పన్నెండుమంది పిల్లలలో పదకొండవవాడు. తండ్రి చిన్ననాడే పోయాడు. తల్లి మరియ అంతమంది పిల్లలను సాకుతూ, వారిలో ఒక్కడైనా దేవుని సేవకు పోవాలని ఆశపడింది. పొలం పనికి చేతులు కావలసిన ఇంట్లో ఒక కొడుకును చదువుకు పంపడం ఎంత కష్టమో మన మెట్ట ప్రాంతపు తల్లులకు చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగు వద్దన్నా ఆ తల్లి వినలేదు. పియెత్రో యువకుడై పునీత బెనెడిక్టు సభ మఠంలో చేరాడు. అయితే మఠంలోని జీవితం కూడ అతనికి సందడిగానే తోచింది. ఏకాంతం కోరుకున్నాడు.

మన ప్రాంతానికి పడమట వెలిగొండలు ఉన్నట్లే ఇటలీకి నడుమ ఎపెనైన్ పర్వతాలు ఉన్నాయి. అయితే అవి మరీ ఎత్తు, చలికాలంలో మంచు కప్పుకుంటాయి. ఆ పర్వతాలలో సుల్మోన పట్టణానికి పైన మొర్రోనె అనే కొండ ఉన్నది. గురుపట్టం పొందిన తర్వాత పియెత్రో ఆ కొండ గుహలో తపస్సు మొదలుపెట్టాడు. అందుకే లోకం ఆయనను మొర్రోనె పేతురు అని పిలిచింది. కొన్నేళ్ళకు జనం రాక పెరిగేసరికి ఇంకా లోపలికి, మయెల్ల పర్వతానికి వెళ్ళాడు. ఏడాదికి ఒక తపస్సుకాలం చాలక నాలుగు తపస్సుకాలాలు పాటించేవాడు. ఒంటిమీద ముతక బట్ట, తినడానికి ఎండురొట్టె, పడుకోవడానికి నేల.

ఏకాంతం కోరినవాని వెంట మనుషులు పడడం లోకంలో ఉన్నదే. శిష్యులు చేరారు, గుహ పక్కన గుడి వెలసింది, ఆశ్రమాలు పెరిగాయి. 1274లో లియోన్ నగరంలో మహాసభ జరుగుతున్నది. కొత్త సన్యాస సభలను రద్దుచేస్తారన్న వార్త వచ్చింది. 60 ఏళ్ళు దాటిన పియెత్రో తన శిష్యుల సభను కాపాడుకోవడానికి చలికాలంలో ఇటలీ నుంచి ఫ్రాన్సు దేశానికి కాలినడకన వెళ్ళాడు. పదవ గ్రెగరీ జగద్గురువుల అనుమతి సంపాదించి తిరిగివచ్చాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయనను పిరికివాడని తర్వాతి కాలంలో కొందరు అన్నారు. అనేముందు ఆ నడకను లెక్కవేయాలి.

ఇలా ఆయన 80 ఏళ్ళు దాటాడు. సభ బాధ్యతలు ఇతరులకు అప్పగించి, మొర్రోనె కొండ చరియలోని చిన్న గదిలో మరణానికి సిద్ధపడుతూ ఉన్నాడు. సరిగ్గా అప్పుడే కింద లోకంలో పెద్ద చిక్కు వచ్చిపడింది.

1292 ఏప్రిల్ 4న నాలుగవ నికొలాస్ జగద్గురువులు మరణించారు. కొత్తవారిని ఎన్నుకోవలసిన కార్డినల్స్ అంతా కలిసి 12 మంది. వారిలో ఒకరు మధ్యలో చనిపోగా 11 మంది మిగిలారు. వారిలో ఒర్సీని వంశానికి ఒక పక్షం, కొలొన్న వంశానికి ఒక పక్షం. ఊరి పెద్దలు రెండు వర్గాలైతే ఊరి పని ఎలా ఆగిపోతుందో మనకు తెలుసు. ఇక్కడ ఆగిపోయినది లోకమంతటి శ్రీసభ పని. రోములో కూర్చున్నారు, తేలలేదు. పెరూజ పట్టణంలో కూర్చున్నారు, తేలలేదు. నేపుల్స్ రాజు రెండవ చార్లెస్ తన రాజకీయ ఒప్పందాలకు జగద్గురువు ఆమోదముద్ర కావాలని తొందరపెట్టాడు. అయినా తేలలేదు. 27 నెలలు గడిచాయి.

అప్పుడు కొండమీది పియెత్రో నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. ఇంకా జాప్యం చేస్తే దేవుని కోపానికి గురి అవుతారని దాని సారాంశం. కార్డినల్స్‌లో పెద్దవారైన లతీనో మలబ్రాంక దానిని సభలో ప్రస్తావించి, తన ఓటు ఆ సన్యాసికే అన్నారు. విసిగిపోయిన తక్కినవారు ఒకరి తర్వాత ఒకరు సరేనన్నారు. 1294 జూలై 5న ఎన్నిక ముగిసింది. ఎన్నికైనవానికి ఆ సంగతే తెలియదు.

పత్రం పట్టుకొని దూతలు కొండ ఎక్కారు. ఇనుప కడ్డీల కిటికీ వెనుక ఉపవాసాలతో చిక్కిపోయి, గడ్డం పెరిగి, ఏడ్చి వాచిన కళ్ళతో ఉన్న వృద్ధుడు వారికి కనిపించాడు. ఆయన సంతోషించలేదు. ప్రార్థించడానికి సమయం అడిగాడు. తాను కాదంటే శ్రీసభ మళ్ళీ కాపరి లేక అల్లాడుతుందన్న భయం ఒకవైపు, తనకు ఆ పని రాదన్న ఎరుక మరోవైపు. చివరకు విధేయతతో ఒప్పుకున్నాడు.

లాక్విల పట్టణంలోకి ఆయన గాడిదమీద ప్రవేశించాడు. ఆ గాడిద పగ్గాలను ఇద్దరు రాజులు పట్టుకున్నారు. ఒకరు నేపుల్స్ రాజు చార్లెస్, మరొకరు హంగరీ రాజునని చెప్పుకుంటున్న ఆయన కుమారుడు. జనం దానిలో క్రీస్తునాథుల యెరూషలేము ప్రవేశాన్ని చూశారు. వివేకులు మరొకటి కూడ చూసి ఉంటారు. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాహనం ఆ దారినే పోతుంది. 1294 ఆగష్టు 29న, ఆయన తానే కట్టించిన కొల్లెమజ్జియో మరియమాత దేవాలయంలో పట్టాభిషేకం జరిగింది.

ఆయన చేసిన మంచి పనులు రెండు నేటికీ నిలిచాయి. మొదటిది, ఏటా ఆగష్టు 28 సాయంత్రం నుంచి 29 సాయంత్రం వరకు పశ్చాత్తాపంతో పాపసంకీర్తనం చేసి ఆ దేవాలయంలో ప్రవేశించే ఎవరికైనా పరిపూర్ణ ఫలం ప్రసాదించడం. ఆ రోజులలో అటువంటి వరం ముఖ్యంగా మతయుద్ధాలకు వెళ్ళేవారికి, దూరయాత్రలు చేయగలవారికి దక్కేది. ఆయన దానిని బీదవానికి, కాలినడకన వచ్చే రైతుకు తెరిచాడు. లాక్విలలో ఆ పండుగ ఇప్పటికీ జరుగుతున్నది. రెండవది, కార్డినల్స్ త్వరగా తేల్చుకునేలా వారిని ఒకచోట మూసి ఉంచి ఎన్నిక జరపాలన్న పదవ గ్రెగరీ గారి చట్టాన్ని తిరిగి అమలులోకి తేవడం. 27 నెలల జాప్యంవల్ల కలిగే నష్టం ఆయన అనుభవమే గదా.

కాని పాలన ఆయనకు చేతకాలేదు. దీనిని దాచి పొగడడం సత్యానికి ద్రోహం. రాజు ఆయనను రోముకు పోనీయక నేపుల్స్‌లోని తన కోటకు తీసుకుపోయాడు. ఒకేసారి 12 మంది కొత్త కార్డినల్స్ నియమితులయ్యారు. వారిలో ఎక్కువమంది రాజుకు కావలసినవారే. కార్యాలయ వ్యవహారాలకు వాడే లతీను ఆయనకు అంతంతమాత్రం. అడిగినవారికి కాదనలేడు. ఒకే పదవిని ఇద్దరికి, ముగ్గురికి ఇచ్చిన సందర్భాలున్నాయి. ఖాళీ పత్రాలమీద ముద్రలు వేయించుకొని, తర్వాత తమకు తోచినది రాసుకున్న గుమాస్తాలున్నారు. ఆయన మాత్రం ఆ కోటలోనే చెక్కలతో ఒక చిన్న గది కట్టించుకొని అందులో ప్రార్థనలో ఉండేవాడు. రాజభవనం నడుమ చెక్కగది! ఆయన మనసు ఎక్కడ ఉన్నదో ఆ గదే చెబుతున్నది.

ఆగమన కాలం వచ్చింది. ముగ్గురు కార్డినల్స్‌కు పాలన అప్పగించి తాను ప్రార్థనలో ఉండిపోవచ్చునా అని ఆలోచించాడు. అది కుదరదని పెద్దలు అడ్డుపడ్డారు. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అయితే శ్రీసభకు తల ఎవరు? ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఇక మిగిలినవి రెండు దారులు. తెలిసీ అసమర్థంగా కొనసాగడం, లేదా విడిచిపెట్టడం. శ్రీసభ చట్టంలో దిట్ట అయిన కార్డినల్ బెనెదెత్తో కయెతానిని సంప్రదించాడు. జగద్గురువు స్వేచ్ఛగా పదవి విడువవచ్చునని ఒక శాసనం చేశాడు. 1294 డిసెంబరు 13న కార్డినల్స్ ఎదుట తన విరమణ పత్రాన్ని తానే చదివాడు. తన శరీర దౌర్బల్యం, తన అజ్ఞానం, మనస్సాక్షి బాధ, పూర్వపు ప్రశాంత జీవితంమీది కోరిక, వీటిని దాచుకోకుండ కారణాలుగా చెప్పాడు. ఉంగరం తీశాడు, కిరీటం తీశాడు, రాజవస్త్రాలు విడిచాడు, తన పాత సన్యాసి అంగీ తొడుక్కున్నాడు. ఎన్నికైన నాటినుంచి లెక్కిస్తే అయిదు నెలల ఎనిమిది రోజులు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. అంతకుముందు కూడ పదవి పోగొట్టుకున్న జగద్గురువులు ఉన్నారు. చక్రవర్తుల బలవంతం, దేశబహిష్కారం, కలహాలు అందుకు కారణాలు. సెలెస్టిన్ గారిమీద ఒత్తిళ్ళు లేకపోలేదు. కాని ఇకముందు ఎవరూ బలవంతంగా దింపకుండా, స్వేచ్ఛగా విడిచినదే విరమణ అని చట్టం చేసి మరీ దిగినవాడు ఆయన. తర్వాతివారు ఆ శాసనాన్ని 1298లో శ్రీసభ చట్ట గ్రంథంలో చేర్చారు. 1983 నాటి నేటి శ్రీసభ చట్టంలో 332వ నిబంధన రెండవ భాగం దాని వారసత్వమే. జగద్గురువు విరమణ స్వేచ్ఛగా జరగాలి, తగినట్లు వెల్లడి కావాలి, దానిని ఎవరూ అంగీకరించవలసిన అవసరం లేదు. ఇంతే ఆ నిబంధన. వయసు మాట అందులో లేదు. పీఠాధిపతులు 75 ఏళ్ళు నిండగానే విరమణ పత్రం సమర్పించవలసిందిగా చట్టం కోరుతున్నది. 80 ఏళ్ళు నిండిన కార్డినల్స్‌కు జగద్గురువుల ఎన్నికలో ఓటు లేదని ఆరవ పాల్ గారు 1970లో నిర్ణయించారు. జగద్గురువుకు మాత్రం ఏ వయసూ గీత గీయలేదు.

సెలెస్టిన్ గారి కథ ఆ డిసెంబరుతో ముగిసి ఉంటే బాగుండేది. ముగియలేదు. 11 రోజులకు, క్రిస్మసు ముందురోజున, ఆయన సలహాదారు కయెతానియే ఎనిమిదవ బోనిఫేస్ పేరుతో జగద్గురువుగా ఎన్నికయ్యారు. పియెత్రో కోరినదల్లా తన కొండకు తిరిగిపోవడం. బోనిఫేస్ గారు ఒప్పుకోలేదు. కారణం ఉత్త దుర్మార్గం కాదు, భయం. విరమణ చెల్లదని, అసలు జగద్గురువు ఇంకా సెలెస్టినేనని కొందరు అనడం మొదలుపెట్టారు. ఆ వృద్ధుని ఏ రాజైనా చేజిక్కించుకొని రెండవ సింహాసనంమీద కూర్చోబెడితే శ్రీసభ రెండుగా చీలుతుంది. అందుకని ఆయనను వెంట తీసుకొని రోముకు బయలుదేరారు.

పియెత్రో దారిలో తప్పించుకున్నాడు. 80 ఏళ్ళు దాటిన మనిషి అడవులలో, గుహలలో నెలల తరబడి దాగి తిరిగాడు. ఆదరించినవారు ఆదరించారు. చివరకు సముద్రం దాటి గ్రీసు దేశానికి పోదామని పడవ ఎక్కాడు. గాలి ఎదురై పడవను తిరిగి ఇటలీ తీరానికే తోసింది. వియెస్తె అనే ఊరి దగ్గర పట్టుబడ్డాడు. ఆయనను ఫుమోనె కొండమీది కోటలో ఒక ఇరుకు గదిలో ఉంచారు. తోడుగా ఇద్దరు సన్యాసులను ఉండనిచ్చారు. అక్కడే 1296 మే 19న మరణించాడు. జీవితమంతా కొండమీద చిన్న గదిని కోరుకున్నవానికి చివరకు కొండమీద చిన్న గదే దొరికింది. తేడా ఒక్కటే. ఈ తలుపు గడియ బయట ఉన్నది.

17 ఏళ్ళకు, 1313 మే 5న, ఐదవ క్లెమెంట్ జగద్గురువులు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆ ప్రకటన వెనుక కూడ రాజకీయం ఉన్నది. బోనిఫేస్ గారిమీద పగబట్టిన ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ దానికోసం పట్టుబట్టాడు. మనుషుల పగను కూడ దేవుడు ఒక పునీతుని గౌరవానికి వాడుకున్నాడని అనుకోవచ్చు. ఆయన పండుగ మే 19. అయినా లోకం ఆయన విషయంలో ఒక్క మాటమీద లేదు. ఇటలీ మహాకవి దాంతె తన కావ్యంలో నరక ద్వారం దగ్గర పిరికితనంతో పదవి వదిలిన ఒక ఆత్మను పేరు చెప్పకుండ చూపించాడు. అది సెలెస్టినేనని చాలామంది వ్యాఖ్యాతలు అన్నారు. ఆ తరువాతి తరం కవి పెట్రార్క్ అదే విరమణను గొప్ప మనసుకు గుర్తుగా కొనియాడాడు. ఒకే మనిషి, ఒకే పని, రెండు తీర్పులు.

మన ప్రశ్నకు తిరిగివద్దాం. పదవిలో కొనసాగాలనేవారి వాదం బలహీనమైనది కాదు. జగద్గురువు ఒక కంపెనీ మేనేజరు కాడు, తండ్రి. ముసలితనం వచ్చిందని తండ్రి తండ్రితనానికి రాజీనామా చేస్తాడా? క్రీస్తునాథులు సిలువ దిగలేదు గదా? రెండవ జాన్ పాల్ గారు ఈ దారి నడిచారు. 1986 ఫిబ్రవరిలో మద్రాసుకు వచ్చినప్పటి ఆ బలిష్ఠమైన రూపాన్ని చూసినవారు, 2005 నాటికి కిటికీ దగ్గర మాట రాక ఆశీర్వదించిన చేతిని కూడ చూశారు. మంచంపట్టిన ప్రతి రోగికి, పనికిరానివాడినని కుమిలే ప్రతి వృద్ధునికి ఆ చేయి ఒక ప్రసంగం. దానిని కాదనగలవారెవరు?

విరమించవచ్చుననేవారి వాదం కూడ తేలికైనది కాదు. గురుపట్టాభిషేకం చెరగని ముద్ర వేస్తుంది, అది మరణంతో కూడ పోదు. జగద్గురువు పదవి అటువంటి దివ్యసంస్కారం కాదు. అది మందను మేపే బాధ్యత. పునీత తోమాసు అక్వినాసు గారు, పియెత్రో లియోనుకు నడిచిన 1274లోనే అదే మహాసభకు వెళుతూ దారిలో మరణించినవారు, పీఠాధిపతి పదవి గురించి ఒక సూత్రం వివరించారు. పీఠాధిపతి బాధ్యత విశ్వాసుల రక్షణ కోసం. ఆ సేవ చేయలేని అడ్డంకి వచ్చినప్పుడు తగిన అనుమతితో దానిని విడువవచ్చు. సాధనం సాధ్యం కోసం ఉన్నది. సాధ్యం చెడుతున్నా సాధనాన్ని పట్టుకు వేలాడడం భక్తి అనిపించుకోదు. జగద్గురువు పైన అనుమతి ఇచ్చేవారు భూమిమీద లేరు గనుక, ఆయన విషయంలో ఆ బరువంతా ఆయన మనస్సాక్షిమీద పడుతుంది. తండ్రి పోలికకు కూడ ఇక్కడ సమాధానం ఉన్నది. పొలం పెద్దకొడుకుకు అప్పగించిన రైతు తండ్రి కాకుండ పోడు. నాగలి మాత్రమే చేతులు మారింది.

అయితే దేనిని ఎంచుకోవాలి? నాకు తోచినది ఇది. ఉండిపోవడం దానంతట అదే పవిత్రత కాదు, దిగిపోవడం దానంతట అదే పిరికితనం కాదు. సెలెస్టిన్ గారు విరమించినది కేవలం వయసు మీదపడినందుకు కాదు. తాను ఉండడంవల్ల మందకు నష్టం జరుగుతున్నదని గుర్తించినందుకు. రెండవ జాన్ పాల్ గారు ఉండిపోయినది పదవిమీది మమకారంతో కాదు. తన బాధ కూడ మందకు మేలు చేస్తుందని నమ్మినందుకు. ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది నా గొర్రెలకు మేలా? జవాబులు వేరయ్యాయి. అందుచేత జగద్గురువుకు 75 అనో 80 అనో గీత గీయాలన్న సూచన నాకు నచ్చదు. గీత గీస్తే ఆ ప్రశ్న వేసుకునే బాధ్యత మనస్సాక్షి నుంచి తప్పి క్యాలెండరుమీద పడుతుంది. పైగా గీత దగ్గరపడేకొద్దీ పగ్గాలు పట్టుకోవాలని చూసే రాజులు ఏ కాలంలోనైనా ఉంటారు. అలాగని తలుపు మూయడం కూడ తప్పే. మతి తప్పినా, లేవలేకపోయినా ఉండితీరాలని కట్టిపడవేస్తే, పాలన గుమాస్తాల చేతికి పోతుంది. ఖాళీ పత్రాలమీద ముద్రలు పడిన నేపుల్స్ కోట మనకు చెప్పేది అదే. తలుపు తెరిచి ఉండాలి. బయటినుంచి ఎవరూ నెట్టకూడదు. సెలెస్టిన్ గారు చేసిన శాసనం సారం ఇంతే.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలతపెట్టేది మాత్రం ఆయన దిగడం కాదు. దిగిన తర్వాత ఆయనకు జరిగినది. చట్టం ఆయనకు దిగే స్వేచ్ఛ ఇచ్చింది, మనుషులు బ్రతికే స్వేచ్ఛ ఇవ్వలేదు. అధికారం ఉన్నంతవరకు పగ్గాలు పట్టుకున్న రాజులు, అధికారం పోయిన తర్వాత కనిపించలేదు. ఇది మనం ఎరగనిదా? పెన్నా ఒడ్డున ఎకరం పొలం, ఉన్న ఇల్లు పిల్లల పేర రాసిచ్చి, ఆ తర్వాత వసారాలో ఒక మంచం కూడ కరువైన తల్లిదండ్రులు మన విచారణలలో లేరా? పెద్దలు పెత్తనం వదలడంలేదని పిల్లల ఫిర్యాదు. వదిలితే తమ గతి ఏమిటని పెద్దల భయం. ఫుమోనె గదులు ఊరూరా ఉన్నంతకాలం ఏ వృద్ధుడూ నిర్భయంగా తాళపుచెవులు అప్పగించడు. విరమణను గౌరవించడం అంటే విరమించినవారిని గౌరవించడమే.

ఈ పాఠం నేర్చుకోవడానికి శ్రీసభకు ఏడు శతాబ్దాలు పట్టింది. 2009 ఏప్రిల్ 6న లాక్విలలో ఘోర భూకంపం వచ్చి, కొల్లెమజ్జియో దేవాలయం పైకప్పు కూలింది. సెలెస్టిన్ గారి భౌతిక అవశేషాలను శిథిలాల నుంచి భద్రంగా వెలికితీశారు. ఏప్రిల్ 28న అక్కడికి వచ్చిన పదహారవ బెనెడిక్ట్ గారు తమ పట్టాభిషేకంనాడు భుజాలమీద ధరించిన ఉన్ని పట్టీని ఆ పేటికమీద ఉంచి వెళ్ళారు. అప్పుడు దానిని ఒక మర్యాదగా మాత్రమే చూశారు. నాలుగేళ్ళకు ఆయన పదవి విడిచినప్పుడు ఆ పట్టీని అందరూ గుర్తుచేసుకున్నారు. ఆయన వాటికన్ తోటలోని ఒక చిన్న మఠంలో దాదాపు పదేళ్ళు ప్రార్థనలో గడిపి 2022 డిసెంబరు 31న మరణించారు. ఇద్దరు జగద్గురువులున్నారని గొడవ చేసినవారు ఈసారీ లేకపోలేదు. బోనిఫేస్ గారి భయం ఉత్తది కాదని ఇది కూడ రుజువుచేస్తున్నది. కాని ఫ్రాన్సిస్ గారు ఆ భయానికి లొంగలేదు. పెద్దాయనను ఇంట్లో తాతయ్యను చూసుకున్నట్లు చూసుకున్నారు. ఆ మఠం తలుపుకు బయట గడియ లేదు.

మన తెలుగువారికి ఇందులో మరొక జ్ఞాపకం ఉన్నది. 2022 ఆగష్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారిని ఫ్రాన్సిస్ గారు కార్డినల్‌గా చేశారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు. మరునాడే, 28న, ఫ్రాన్సిస్ గారు లాక్విలకు వెళ్ళి సెలెస్టిన్ గారి దేవాలయపు పవిత్ర ద్వారం తెరిచారు. పిరికివాడన్న పాత ముద్ర సరికాదని, ఆయనది వినయపు ధైర్యమని ఆనాడు ప్రసంగించారు. తాము రాజీనామా చేస్తారేమోనని పత్రికలవారు ఆ ప్రయాణం గురించి ఊహాగానాలు చేశారు. ఆయన చేయలేదు. అనారోగ్యంతో పని చేయలేని స్థితి వస్తే వాడమని ఒక విరమణ పత్రం మాత్రం తొలినాళ్ళలోనే సంతకంచేసి ఇచ్చి ఉంచారు. అది వాడవలసిన అవసరం రాలేదు. 2025 మే నెలలో ఆయన వారసుడైన పద్నాలుగవ లియో గారిని ఎన్నుకున్నవారిలో మన పూల అంతోని గారూ ఉన్నారు. ఆ ఎన్నికకు 27 నెలలు పట్టలేదు. రెండు రోజులలో తేలిపోయింది.

జగద్గురువుల కోసం మనం ప్రతి బలిపూజలోను ప్రార్థిస్తాం. పేరు పలికి ముందుకు సాగిపోతాం. ఇకనుంచి ఆ పేరు పలికినప్పుడు ఒక్క క్షణం ఆగుదాం. నిలిచి ఉండవలసివస్తే నిలిచే బలాన్ని, దిగవలసివస్తే దిగే వినయాన్ని ఆయనకు ఇమ్మని అడుగుదాం. ఆ తర్వాత ఇంటికి పోయి, మనకు తాళపుచెవులు ఇచ్చి వసారాలో కూర్చున్న పెద్దల పక్కన కాసేపు కూర్చుందాం. పునీత సెలెస్టిన్ గారి పండుగను మన ఊళ్ళలో జరుపుకోవడానికి ఇంతకంటె మంచి పద్ధతి నాకు తెలియదు.